పెడల్ గట్టిపడ్డాక

నారిన్ ఊళ్లో పాత ఓల్గా కారు మూలిగిందంటే సగిన్ దగ్గరికే తోలుకొచ్చేవారు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పేరుతోనే పిలిచేవారు. కట్టుకున్న భార్య బాతియ్నా ఒక్కతే పిలిచేది కాదు. మాలో ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు. అంతటితో పోతే బాగుండేది. ఆ పేరు వినిపించే మాట కూడా నోట రాకూడదు. దేవుడు బాతియ్నాకు అన్యాయం చేసింది అక్కడే. "నీ మీద బెంగ పెట్టుకున్నాను" అనడానికి మా వాళ్లు "సగిన్‌దిమ్" అంటారు. మొగుడి పేరు అందులోనే కూర్చుని ఉంది. ఆయన కారు సామాను కోసం రాజధాని బిష్కెక్ వెళ్లి వస్తే, గుమ్మంలో నిలబడి "చూసి చూసి కళ్లు నొప్పెట్టాయి" అనేది.

"నొప్పెడితే మందేసుకోవే ముసలీ," అనేవాడు సగిన్. "నాక్కావలసిన మాట అది కాదు."

"అయితే పేరు మార్చుకో ముసలాయనా. అప్పుడు రోజూ అంటా."

నవ్వుకునేవారు. కానీ ఆయన నవ్వులో కాస్త ఆశ ఉండేది. ఆవిడకది తెలుసు.

కిందటి శీతాకాలం దొలోన్ కనుమ దిగుతుండగా వాళ్ల ఓల్గా బ్రేకు గొట్టం చిట్లింది. ఆ కారులో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు నూనెకు ఒకటే దారి. ఒక్కచోట నూనె కారిందా, అన్నీ పోయినట్టే. పెడల్ నేలకు అంటుకుపోయింది. సగిన్ కారుని మంచుగట్టుకు రాసి రాసి ఆపాడు. బాతియ్నా గొంతు చించుకుని "ముసలాయనా, ముసలాయనా" అని అరిచింది.

కారు ఆగాక ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "చచ్చిపోతున్నాం కదే, అప్పుడైనా పేరు పెట్టి పిలవలేవా?" అన్నాడు. ఆవిడ తలగుడ్డ కొసతో మొహం కప్పుకుంది. "ముందు బ్రేకులు బాగుచెయ్యి. పెడల్ గట్టిపడ్డ రోజున అంటా. ఆ మాటా, పేరూ రెండూ," అంది.

సగిన్‌కు పూనకం వచ్చినంత పనయింది. రెండు గదులున్న కొత్త బ్రేకు సిలిండర్ సంపాదించాడు. ముందు చక్రాలకు ఒక గొట్టం, వెనక చక్రాలకు ఇంకొకటి. ఒకటి పోయినా రెండోది నిలబెడుతుంది. పాత గొట్టాల నట్లు దాని మరల్లో పట్టలేదు. చివరలు కోసి, కొత్త నట్లు తొడిగి, కొసలు మళ్లీ విప్పార్చాలి. బాతియ్నా పక్కన కూర్చుని నట్లు అందించేది. ఒకసారి ఆయన తొందరలో నట్టు తొడగకుండానే కొస విప్పార్చేశాడు. ఇక నట్టు ఎక్కదు. ఆవిడ గుప్పిట తెరిచి అందులోని నట్టు చూపించింది.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నీ మొహం ఇలా చూసేదాన్నా?"

గొట్టాలన్నీ బిగించాడు. ఇక పెడల్ గట్టిపడాలంటే గొట్టాల లోపలి గాలి తీసెయ్యడమే మిగిలింది. ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఆవిడ సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఆయన చక్రం దగ్గర పడుకుని గాలి వదలాలి. ఏళ్ల తరబడి అలాగే చేశారు. కింద నుంచి "నొక్కు" అనేవాడు. "నొక్కా" అనేది. "వినపడలేదు, ఇంకోసారి అనవే," అనేవాడు, ఊరికే, ఆవిడ గొంతు వినడానికి.

"రేపు చేద్దాం, నడుం లాగేస్తోంది," అంది బాతియ్నా ఆ సాయంత్రం. సరేనన్నాడు. తెల్లారి ఆవిడ టీ పోసి పిలిస్తే సగిన్ పలకలేదు. నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. ఆ "రేపు" అన్న మాట ఆవిడ గుండెల్లో ఉండిపోయింది.

ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాలు అయ్యాక ఆయన స్నేహితుడు దూలత్ వచ్చాడు. "బండి అలా వదిలెయ్యకూడదు వదినా. కూర్చో, పూర్తి చేద్దాం," అని కారు కింద దూరాడు.

"నొక్కు వదినా."

"నొక్కా."

ఆవిడ ఆగింది. తర్వాతి మాట కోసం. రాలేదు. దూలత్ మంచివాడు, ఒక్కసారికే వినపడుతుంది. వెనక చక్రాలయ్యాయి, ముందువీ అయ్యాయి. మెత్తగా లోపలికి పోయే పెడల్ కొంచెం కొంచెంగా పైకొచ్చి, చివరికి పాదం కింద రాయిలా నిలబడింది.

"గట్టిపడిందా?"

"పడింది."

దూలత్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బాతియ్నా కాలు తియ్యలేదు. మొగుడు పోయినా పేరు ఎత్తకూడదు మాలో. స్టీరింగు గట్టిగా పట్టుకుని, "సగిన్‌దిమ్, సగిన్," అంది.

దూలత్ తల దించుకుని పెరటి వైపు వెళ్లిపోయాడు. సగిన్ ఉంటే ఏమనేవాడో ఆవిడకు తెలుసు. వినపడలేదంటాడు. అందుకని ఇంకోసారి అంది.