అందరూ మెచ్చుకున్న వ్యాసం

అధికారంలో ఉన్న పార్టీ సైద్ధాంతిక మాసపత్రికలో నాలుగేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మోండా మార్కెట్ వెనక మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. కింద ఉల్లిగడ్డల గోదాం. పత్రిక ప్రతి పార్టీ ఆఫీసుకూ తప్పనిసరిగా వెళ్లేది. వచ్చిన నాయకుడల్లా "ఈసారి సంచిక బ్రహ్మాండం" అనేవాడు. చదివే అంటున్నారనుకున్నాను. బుద్ధి తక్కువ మరి.

ఆ నమ్మకంతోనే యాప్రాల్ అవతల రాళ్లు కొట్టేవాళ్ల మీద వ్యాసం రాశాను. రేషన్ కార్డులు మా పార్టీ నాయకుల చుట్టాలకు పోయాయని, అక్కడి గుడిసెలకు ఒక్కటీ రాలేదని పేర్లతో సహా రాశాను. వివరాలు చెప్పింది ఒక ముసలమ్మ.

"గింత రాస్తున్నవ్, పెద్దోళ్లు సదువుతరా బిడ్డా?" అని అడిగింది. చదువుతారని మాటిచ్చాను.

ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే వ్యాసం ఇచ్చాను. ఎడిటర్ పైపైన తిరగేసి ప్రెస్సుకు పంపేశాడు.

సంచిక వచ్చింది. విషయసూచికలో 'పేదలు - రేషన్ కార్డులు' అని నా వ్యాసం ఉంది. లోపల లేదు. బైండింగులో నా వ్యాసమున్న పదహారు పేజీల బదులు, మిగిలిపోయిన కిందటి నెల పేజీలు కుట్టేశారు. ఏ కాపీ తెరిచినా అంతే. ఒక కాపీ పట్టుకుని ఎడిటర్ దగ్గరికి పరుగెత్తాను.

"జెర ఆగు. ఎవరన్న ఉత్తరం రాస్తే సవరణ ఏద్దాం" అన్నాడు ఎడిటర్.

నెలంతా ఎదురుచూశాను. ఒక్క ఉత్తరం రాలేదు. ఎవరి బావమరిదికి కార్డు దక్కిందని రాశానో, ఆ నాయకుడే వచ్చి నా భుజం తట్టాడు. "కార్డుల మీద మస్తుగ రాసినవ్ తమ్మీ" అన్నాడు. ఆయన వెళ్లాక మెట్ల మీదే కూలబడ్డాను. నాలుగేళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదాను. అంత ఏడుపు అంతకుముందెప్పుడూ రాలేదు.

వచ్చే నెలైనా వేయమని ఎడిటర్‌ను బతిమాలాను.

"ఎట్లేస్తమయ్యా? అందరు సదివి మెచ్చుకున్నరు. మళ్ల గదే ఏస్తే పరేషాన్ కారా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

ముసలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఆదివారం అల్వాల్‌లో మా ఇంటి నుంచి సైకిల్ మీద బయలుదేరాను. నన్ను చూడగానే ఆమె సుత్తి పక్కన పెట్టింది.

"అచ్చయిందా బిడ్డా? పెద్దోళ్లు సదివిండ్రా?"

వంగి సైకిల్‌కు స్టాండు వేశాను.

"అయిందమ్మా. అందరు మెచ్చుకున్నరు" అన్నాను.

ఆమె చీర కొంగుతో నా మొహం మీది చెమట తుడిచింది. తర్వాత పక్క గుడిసెల వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"సంచులు కుట్టుకోండ్రే! బియ్యమొస్తయట!"