కాయ పట్టని ఆకాశమల్లి

డెబ్బైల్లో చిత్తూరులో మేం అద్దెకున్న ఇంటి వెనక ఒక ఆకాశమల్లి ఉండేది. అరవం కలిసిన ఆ వీధిలో దాన్ని మరమల్లి అనేవాళ్ళు. బర్మా వైపు నుంచి అందం కోసం తెచ్చి రోడ్ల పక్కన నాటిన జాతి. మాను నిటారే గానీ కొమ్మలు పెళుసు, గట్టి గాలికే విరుగుతాయి. బెరడు బెండులా మెత్తన. సీసాలకు మూతలు చేసేవారట. బెరడే బిరడా అయిందని కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ నేనొక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. ఇంట్లో తులసి కూడా నా చేతి నీళ్ళకు ఎండిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

వానలు వెనకబట్టాక ఆ చెట్టు విరగబూసేది. పొడుగు కాడల తెల్లపూలు రాత్రి విచ్చుకుని, తెల్లారేసరికి నేలంతా రాలేవి. మా ఆవిడ ఊడ్చేది. అన్ని పూలకూ ఒక్క కాయ పట్టేది కాదు. మన నేల మీద అది కాయడం బహు అరుదు.

మాకూ పిల్లల్లేరు. గుళ్ళూ ఆస్పత్రులూ అన్నీ అయిపోయాయి. ఒక శుక్రవారం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఆ చెట్టు కొమ్మకు పసుపు గుడ్డతో చిన్న ఉయ్యాల కట్టి, అందులో రాయిని పడుకోబెడుతోంది. బిడ్డ కావాలనుకునే ఆడవాళ్ళు వేపకో రావికో అలా కడతారు. పక్కింటావిడ గోడ మీంచి చూసింది.

"ఏమ్మే, పోయి పోయి గొడ్డుచెట్టుకు కట్టినావే! మీ ఆయన చెట్ల పంతులు గదా, చెప్పలా?"

మా ఆవిడ ముడి బిగించింది. అన్నం దగ్గర నేను, పాఠం మొదలుపెట్టేవాడిలా, గొంతు సవరించుకున్నాను.

"ఆ చెట్టు..."

"కాయదు. ఇన్నేండ్లు ఊడుస్తా ఉండాను, నాకు తెలీదా? కాసే చెట్లకంతా కట్టినాను గదయ్యా. నా బాధ వాటికి యాడ తెలుస్తాది?"

కూర వడ్డిస్తూ ఆమే అడిగింది.

"కాయే లేకుంటే ఊర్లో ఇన్ని చెట్లు యాడివి?"

"వేర్ల నుంచి పిలకలొస్తాయి. ఎవరో తవ్వి తెచ్చి నాటుకుంటారు."

"అట్లా తెచ్చుకున్నా పూస్తాయా?"

"అన్నిటి మాదిరే పూస్తాయి."

మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆగింది. "మనమూ ఒక బిడ్డను తెచ్చుకుందామా?"

పల్లెలో మా అమ్మ ఉంది. మా చిన్నాయన బిడ్డను పెంచుకునే మాటెత్తినప్పుడు, ఇంకొకరి నెత్తురు మన గడప దాటి రాకూడదని అందరి ముందరా తెగేసి చెప్పిన మనిషి.

"అమ్మను అడుగుతా," అన్నాను.

"అడగబాక," అంది. "వద్దనిందంటే ఈ మాట కూడా మనకు మిగలదు."

ఆ నెల పల్లెకు పోయి, అమ్మతో చెరకు గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడి, ఆ మాట ఎత్తకుండానే తిరిగొచ్చాను. తలుపు తీసిన మా ఆవిడ నా మొహం చూసింది. ఏమీ అడగకుండా కాళ్ళకు నీళ్ళు తెచ్చింది.