మా సూపర్‌వైజర్ గారి జింక వేట

మొన్న పొద్దున కాఫీ కలుపుకుని డెట్రాయిట్ పక్కన నోవైలోని మా ఇంటి వెనక తలుపు తీద్దును కదా, ఎండాకాలమంతా నేను బిడ్డలా సాకిన గోంగూర మడిలో ఒక జింక నిలబడి తీరిగ్గా భోంచేస్తోంది. అదిలించమని మా ఆవిడ లోపల్నుంచి కేకలు పెడుతూనే ఉంది కానీ నాకు చెయ్యి లేవలేదు. మెడ ఎత్తి, చెవులు నిక్కించి అది నా వంక చూసిన చూపుకి, ఎప్పటిదో ఒక అడవి కళ్ళముందుకొచ్చింది.

ఎనభైల మొదట్లో, మీలో చాలామంది నాలాగే డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో కొత్తగా చేరి మంచులో డ్రైవింగ్‌తో కుస్తీ పడుతున్న రోజుల్లో, నాకా విద్య నేర్పినది మా సూపర్‌వైజర్ గారు. ఆయన అమెరికన్ అయినా, మా ఆవిడ చేసే సాంబారంటే ప్రాణం పెట్టేవారు. అటువంటి మనిషి ఒక చలికాలం కారు జారి మెడ విరిగి, మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడి, చక్రాల కుర్చీకి పరిమితమైపోయారు.

నవంబరు వస్తే చాలు, ఆయనకి చిన్నప్పటి నుంచీ జింకల వేటే పండగ. ఆ ఏడాది ఉత్తరాన ఒక వేటగాళ్ళ క్లబ్బు వాళ్ళు, ఆయనలాంటివాళ్ళ కోసమే ప్రత్యేకంగా వేట ఏర్పాటు చేశారు. కుర్చీలు దొర్లడానికి అడవిలో చెక్కలు పరిచి, మాటు వేసే గుడిసెలకి వెడల్పాటి తలుపులు పెట్టారు. ఎక్కడ చూసినా ర్యాంపులుండే కాలం కాదది, అంతా వాళ్ళ సొంత చేతి కష్టం. ఆయన నన్ను పిలిచి, తుపాకీని కుర్చీకి బిగించి, ట్రిగ్గర్ నోటితో లాగే ఉపాయం చెయ్యమన్నారు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో పుట్టినవాణ్ణి, ఏం చెప్పను! కాదనలేక, కారు చోక్ లాగే కేబుల్ ఒకటి తెచ్చి ట్రిగ్గర్‌కి తగిలించి, రెండో కొసన పళ్ళతో కరిచి పట్టుకునే రబ్బరు ముక్క అమర్చాను. ఆయన చెప్పినట్టు కుర్చీనీ తుపాకీనీ కాస్త కాస్తగా జరిపే మనిషి కావాలి గనక నేనూ బయలుదేరాను.

మొదటి రోజు జింక వచ్చినట్టే వచ్చి, ముక్కు పైకెత్తి గాలి పీల్చి, తెల్ల తోక చూపించి ఒకటే పరుగు. "నిన్న మీ ఇంట్లో సాంబారు కదూ!" అని ఆయన పడీ పడీ నవ్వారు. ముచ్చటపడి కొనుక్కున్న నా చలికోటు, మా అపార్ట్‌మెంట్‌లోని ఇంగువ పోపునంతా దాచుకుని అడవికి మోసుకొచ్చిందన్నమాట! నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం క్యాంపులో క్లబ్బు పెద్దాయన ఒకరు, మిగిలింది రేపొక్క రోజే గనక, రేపు కూడా దొరక్కపోతే తామే ఒకదాన్ని కొట్టి దానికి ఈయన పేర చీటీ కట్టేస్తామనీ, ఎవరూ ఏమీ అనుకోరనీ ఎంతో దయగా అన్నారు. మా సూపర్‌వైజర్ గారు నవ్వడం మానేశారు. "తినిపించేది ఒకరు, ఒళ్ళు తుడిచేది ఒకరు. చచ్చేదాకా నా పనులన్నీ ఇంకెవరో చేస్తూనే ఉంటారు. ఇదొక్కటి నాకొదిలెయ్యండి" అన్నారు. మాతో వచ్చిన ఆయన భార్య లేచి వెళ్ళి, ఆయన మోకాళ్ళ మీద కప్పడానికని తెచ్చిన ఆయన పాత వేటకోటు తెచ్చి నాకు తొడిగింది. కోటు చేతులు నా వేళ్ళు దాటి వేలాడాయి.

మర్నాడు నేనూ, క్లబ్బు వాళ్ళు ముగ్గురూ గుడిసెలో ఆయన వెనక నిలబడి ఉన్నాం; పొద్దు వాలుతుండగా కొమ్ముల జింక ఒకటి వచ్చింది. ఆయన కళ్ళతోనే సైగ చేస్తే కుర్చీ వెంట్రుకవాసి జరిపాను. ఆయన రబ్బరు ముక్క కరిచి పట్టుకుని, అలాగే ఉండిపోయారు. ఇప్పుడు, ఇప్పుడు అని నా ప్రాణం కొట్టుకుంటోంది. అది పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగి, అప్పుడు లాగారు. ఒక్కటే తూటా.

పాపమనిపిస్తుందేమో అనుకున్నాను. దాచకుండా చెబుతున్నాను, సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. ఆయన తనని కుర్చీలోంచి దాని పక్కన దించమన్నారు. చేతికి స్పర్శ తెలియదు కనక, నలుగురం పట్టుకుని దించితే, దాని మెడకి చెంప ఆనించి, ఇంకా వెచ్చగానే ఉందంటూ దానికి థాంక్స్ చెప్పుకున్నారు. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఊపిరి ఊదితే పేలే తుపాకులొచ్చాయట, మంచిదే. మనకి మాత్రం సాయమంటే తొందరపడి అవతలివాళ్ళ పని లాక్కోవడమే అయిపోయింది. నేను తిన్న కంచం సింకు దాకా తీసుకెళ్ళేలోపే ప్రేమకొద్దీ ఎవరో ఒకరు లాగేసుకుంటారు, నేనూ ఇచ్చేస్తాను. ఆ సాయంత్రం అడవిలో ఆయన వెనక, చేతులున్నవాళ్ళం అందరం, ఊపిరి బిగబట్టి ఊరికే నిలబడ్డాం. అలా నిలబడేవాళ్ళు ఈమధ్య ఎక్కడా కనబడటం లేదు.