బాడీ ఆయనది, లెన్స్ నాది

మా బావ పెద్దాసుపత్రి శవాల గదిలో పనిచేస్తాడు. మందుల గోదాము దాటాక, కిటికీలు లేని గది అది. ఇరవై రెండేళ్లుగా అదే పని. మా అక్కకు సంబంధం చూసినప్పుడు ఆసుపత్రిలో ఉద్యోగమన్నారు, ఏ గదిలోనని ఎవరూ అడగలేదు. సంగతి తెలిశాక మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్క మాత్రం, "బతికున్నవాళ్లతో చచ్చేకంటే నయమేలే అమ్మా" అని నవ్వేసింది.

వీధిలో ఆయన పేరు 'మార్చురీ'. టీకొట్టువాడు గ్లాసు ఆయన చేతికివ్వడు, బల్లమీద పెట్టి ఇటు జరుపుతాడు. చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు, ఊదుకుంటూ తాగేసి వచ్చేసేవాడు. అంత కోపం వచ్చే నేను మాత్రం ఏం తక్కువ తిన్నానని! నాది ఫొటోల దుకాణం. పాస్‌పోర్టు ఫొటోలు, ఆల్బమ్‌లు, లామినేషన్. పెళ్లివాళ్లు వచ్చే వేళకు బావ వస్తే, "లోపల కూర్చో బావా, ఇక్కడ ఎండ" అనేవాణ్ణి. ఆ ఎండ ఆయనొక్కడికే తగిలేది.

ఆయన పని ఒకసారి చూశాను. ఎవరూ రాని శవానికి ముఖం తుడిచి, జుట్టు దువ్వి, చొక్కా కాలరు సరిచేస్తాడు. చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. "కాస్త ఇటు తిరగవయ్యా పెద్దమనిషీ, ఆ మట్టి తీసేస్తా. ఇంట్లోవాళ్లొస్తే ఇలా కనబడతావా?" ఇంట్లోవాళ్లు చాలామందికి రారు. ఎవరో తెలియని శవాన్ని కొన్నాళ్లు ఉంచి, మునిసిపాలిటీవాళ్లు తీసుకెళ్లి పూడ్చేస్తారు. గుర్తుగా ఓ నంబరు రేకు పాతుతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మిగిలేది ఫైల్లో ఫొటో ఒక్కటే. ఆ ఫొటో ఎవరు తీస్తారు? కాగితాలు రాయడానికొచ్చిన కానిస్టేబులు, ముక్కు మూసుకుని, గుమ్మంలోంచే ఫోనుతో ఒక్కటి నొక్కి పారిపోతాడు. అందులో ముఖం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఓ కూతురు తండ్రిని వెతుక్కుంటూ వచ్చి ఆ ఫైలు మూడుసార్లు తిరగేసి వెళ్లిపోయిందట. మళ్లీ వచ్చి, నాలుగోసారి చెవి దగ్గర మచ్చ చూసి అక్కడే కూలబడిందట. ఆ సాయంత్రం బావ తిన్నగా నా దుకాణానికి వచ్చాడు.

"ఒరే, నాకో కెమెరా కావాలి. తక్కువలో రావాలి. ఆఫీసులో అడిగితే నవ్వారు. నేనే కొనుక్కుంటా."

"నీకెందుకు బావా కెమెరా? పోజులిచ్చేవాళ్లెవరక్కడ?"

"కదలకుండా పడుకునేవాళ్లు నీ గిరాకీల్లో ఒక్కడున్నాడా చెప్పు" అన్నాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "కన్నవాళ్లు చూస్తే మావాడే అనాలిరా. నాకంతే చాలు. వాడికి పేరు దొరుకుతుంది."

ఎలాగూ తప్పదని కెమెరాల దుకాణానికి తీసుకెళ్లాను. నాకు తెలిసిన దుకాణమే, లోపల నా తోటి ఫొటోగ్రాఫర్లు ఇద్దరున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక కట్టుకుని, గాజు అద్దం వెనక కెమెరాలన్నీ చూస్తున్నాడు. సేల్స్‌మన్ వచ్చి అందరినీ అడిగే మాటే అడిగాడు.

"బాడీ ఒక్కటేనా సార్, లెన్స్‌తోనా?"

మా బావ తడుముకోకుండా అన్నాడు: "ఎక్కడ దొరికింది? ఆడా, మగా?"

దుకాణమంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తర్వాత నవ్వులే నవ్వులు. కెమెరాలో లెన్స్ తీసేస్తే మిగిలే పెట్టెను బాడీ అంటారని ఆయనకేం తెలుసు పాపం! ఇరవయ్యేళ్లకు పైగా ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే. ఆయనా నవ్వాడు, "మా పని అలాంటిది బాబూ" అని విడమరిచి చెప్పాడు కూడా. అప్పుడు ఆగిపోయాయి నవ్వులు. సేల్స్‌మన్ తన చేతిలోని కెమెరాను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నా తోటివాళ్లు నావైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సేల్స్‌మన్ మంచివాడే. కాస్త తేరుకుని, ఓ చిన్న లెన్స్ తీసి, "ముఖాలకైతే ఇది సార్, ఫిఫ్టీ. చవక కూడా. ముఖం మనం చూసినట్టే వస్తుంది" అన్నాడు.

"అక్కర్లేదు, బాడీ ఒక్కటే ఇవ్వండి. లెన్స్ నా దగ్గరుంది" అన్నాను. ఆ దుకాణంలోంచి ఎంత తొందరగా బయటపడితే అంత చాలనిపించింది.

నా దగ్గరున్నది వైడ్ లెన్స్. ఇళ్ల బ్రోకర్ల కోసం గదుల ఫొటోలు తీయడానికి కొన్నాను. ఇరుకు గది కూడా అందులో హాల్లా కనబడుతుంది. ఆ పని పోయి రెండేళ్లు, లెన్స్ అలమరలో మూలుగుతోంది. అడిగినవాడు లేడు. దాన్ని బావకు అంటగట్టాను. ఊరికే కాదు, డబ్బు తీసుకునే.

దాంతో ముఖాలు తీయకూడదని నాకు తెలుసు. తెలియక చేశాననడానికి లేదు. ముఖం నిండుగా రావాలంటే దాదాపు ముక్కుకు ఆనేంతగా మీదికి వంగాలి. వంగితే ముక్కు ఉబ్బుతుంది, చెంపలు జారిపోతాయి, చెవులు వెనక్కెళ్లి దాక్కుంటాయి. కోలముఖం గుండ్రమవుతుంది. పోన్లే, ముక్కు పెద్దదైందని వచ్చి పోట్లాడే గిరాకీలు కారుగా అనుకున్నాను. నిజంగా ఈ మాటలే అనుకున్నాను.

"గది చిన్నది బావా, నీకిదే సరి" అని చెప్పాను.

ఆయన నమ్మాడు. ముక్కుసూటి మనిషి, ఎదుటివాడు వంకరగా మాట్లాడతాడన్న ఊహే ఉండదు. మాన్యువల్‌కు అట్ట వేసుకుని చదివాడు. బల్బు కింద నీలంగా వస్తున్న చర్మం రంగు ఎలా సరిచేయాలో నేర్చుకున్నాడు. ఎత్తుపీట కొని, దానిమీద మోకాళ్లు ఆన్చి, ఒక్కొక్క ముఖం మీదికీ వంగి తీశాడు. "ముక్కులేమిటిరా ఇలా వస్తున్నాయి?" అని ఒకసారి అడిగాడు. "పోయినవాళ్ల ముఖాలు అలాగే ఉబ్బుతాయి బావా" అన్నాను. శవాల సంగతి ఆయనకు నేను చెప్పాను, చూడండి నా తెగింపు! ఆయన కాసేపు ఆలోచించి, "కావచ్చు, నువ్వు చదువుకున్నవాడివి" అన్నాడు.

ఏడాది దాటింది. ఓ రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ కొడుకు కోసం వచ్చింది. నలభై ఏళ్లవాడు, తల్లితో మాటామాటా అనుకుని ఇల్లు వదిలి వెళ్లాడట. బావ ఫైలు ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్క పేజీ తిప్పింది. చివరి ఫొటో నాలుగు రోజుల క్రితమే పూడ్చిన మనిషిది. బస్టాండు బెంచీ మీద గుండె ఆగి పోయాడు, జేబుల్లో కాగితం ముక్క లేదు. ఆమె ఆ ఫొటో దగ్గర కాసేపు ఆగి, "కాదు బాబూ, ఇందులో మావాడు లేడు" అని ఫైలు మూసేసిందట. ముఖం విప్పారిందట. వెళ్తూ వెళ్తూ, ఎప్పుడైనా కనబడితే చెప్పమని కొడుకు ఫొటో ఇచ్చింది.

ఆ ఫొటో, ఫైల్లోంచి తీసిన ఫొటో, రెండూ పట్టుకుని బావ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఈ మనిషి ముఖం నేను కడిగానురా. నా చేతులకు తెలుసు. కానీ నేను తీసిన ఫొటోలో ఆ మనిషి లేడు. కన్నతల్లే కాదంది. నువ్వు చూసి చెప్పు. ఇద్దరూ ఒకటేనా?"

బల్లమీద పక్కపక్కన పెట్టాను. చూడటానికి ఏముంది? కనుబొమల మధ్య గీత అదే, కింది పెదవి వంపు అదే. ముఖాన్ని గుండ్రంగా సాగదీసింది నా లెన్స్. అవునంటే చాలు. ఆ తల్లికి కనీసం ఏ నంబరు రేకు దగ్గర కూర్చోవాలో తెలుస్తుంది. కానీ అవునంటే, ఎందుకిలా వచ్చిందని బావ అడుగుతాడు. ఇంకెందరు ఇలా వెళ్లిపోయారో లెక్క చూడమంటాడు. అక్క మళ్లీ నా గడప తొక్కదు.

"కాదు బావా" అన్నాను. "వేరే మనిషి. చెవులు చూడు, ఎక్కడా పోలిక లేదు."

"నిజంగానా?"

"నా పనే ముఖాలు చూడటం కదా!"

"అమ్మయ్య" అని కుర్చీలో కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇరవై రెండేళ్లలో ఎవరి కోసమూ ఏడవనివాడు, తన తప్పు లేదని తెలిసి ఏడ్చాడు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను.

మర్నాడే వెళ్లి ఆ ఫిఫ్టీ లెన్స్ కొని ఆయనకిచ్చాను. పాతది తీసేసుకున్నాను. "ఊరికే ఇచ్చాడు, మా బామ్మర్ది బంగారం" అని వీధంతా చెప్పుకున్నాడు మహానుభావుడు. చచ్చిపోవాలనిపించింది. చావలేదు లెండి, మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తాను.

వారం తర్వాత ఆ పెద్దావిడ నా దుకాణానికి వచ్చింది. బావే పంపాడు. "ఆ బాబు చెప్పాడు నాయనా, మీరు పెద్ద ఫొటోగ్రాఫరట. ఫొటో చూసి మావాడు కాదని కచ్చితంగా చెప్పారట. మీ నోటి చలవ" అంది. కొడుకు ఫొటో పెద్దది చేసి, ఊళ్లన్నింట్లో అంటించడానికి కాగితాలు కావాలంది. స్కానర్ మీద ఆ ముఖం పెట్టి మూత వేశాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి నేను అన్న మాట ఇది:

"కింద ఏం రాయమంటారమ్మా?"

ఆమె బల్లమీద మోచేతులు ఆనించి, ముందే అనుకుని వచ్చినట్టుంది, గబగబా చెప్పింది.

"అమ్మ ఏమీ అనదు, ఇంటికి రా అని రాయి నాయనా. మళ్లీ తిడతాననుకుని రావట్లేదు వాడు."

టైపు చేశాను. అక్షరాలు ఇంకాస్త పెద్దవి కావాలంది. పెంచాను.