కరుణ రాసుకున్న పెట్టె

నమ్మకపోతే మానెయ్యండి. తాగి చెబుతున్నానని మాత్రం అనకండి. ఆ అలవాటు నేను మానేసి చాలా ఏళ్లయింది. మా చర్చి మెట్ల మీద నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను... ఆ రాత్రి అనకాపల్లి బయట, నూకరాజు ఇనపసామాన్ల షెడ్డులో విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఒక్క ముక్క కలపలేదు.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నా పేరు జాన్. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. నా భార్య కరుణ ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని కాలేజీ పిల్లలకి ప్రాజెక్టులు, పెళ్లివాళ్లకి శుభలేఖలు టైపు చేసి ఇచ్చేది. పగలంతా ఆ పని. రాత్రి మేం పడుకున్నాక తన కోసం ఏదో టైపు చేసుకునేది. టకటకటక... ఆగేది. స్పేస్ మీట కాస్త వదులు. దాన్ని బొటనవేలితో రెండుసార్లు కొట్టేది. టప్ టప్. మళ్లీ టకటకటక... నాకు నిద్ర చెడేది.

"ఏటే రాత్తన్నావు ఇంత రాత్రప్పుడు?"

"ఏటీ లేదు. నువ్వు తొంగో."

"కరెంటు బిల్లు మీ నాన్న కడతాడేటి?"

ఆపేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. అలాంటి రాత్రులు ఎన్నో. నేనన్న మాటలూ ఎన్నో. తర్వాత తనకి పచ్చకామెర్లు వచ్చాయి. నెల తిరక్కుండా పోయింది.

రెండేళ్లకి మా పాప చదువుకని కొత్త కంప్యూటరు కొన్నాను. పాతది ఇస్తే తగ్గిస్తామన్నారు. షాపు కుర్రాళ్లు ఇంటికొచ్చి, "రెండూ ఇచ్చేత్తారా, ఒకటి ఉంచుకుంటారా?" అని అడిగారు. నేను తెలివైనవాణ్ణి కదా... టీవీలా ఉండే మోనిటర్ ఉంచుకున్నాను. కింద ఉండే రేకు పెట్టె ఇచ్చేశాను. కరుణ ఎప్పుడూ ఆ మోనిటర్ వైపే చూసేది. అక్షరాలు అందులోనే కనిపించేవి. అన్నీ అందులోనే ఉంటాయనుకున్నాను.

సాయంత్రం పాప స్కూలు నుంచి వచ్చి చూసి బల్ల కింద కూలబడింది.

"నాన్నా... అమ్మ రాసినవన్నీ పెట్టెలో ఉంతాయి. ఇది ఉత్త బొమ్మ కనపడీది."

పరిగెత్తాను. అప్పటికే పెట్టె చేతులు మారిపోయింది. సబ్బవరం వైపు ఏదో ఇనిస్టిట్యూట్‌కి వెళ్లిందన్నారు. ఏ ఇనిస్టిట్యూటో షాపులో ఎవరికీ తెలీదు. అటువైపు ఉన్నవాళ్లందర్నీ అడిగినా మా దగ్గర లేదన్నారు.

అప్పటి నుంచి మొదలైంది నా వెతుకులాట. నాలుగేళ్లు. పాత సామాన్ల కొట్లు, ఆఫీసుల వేలంపాటలు, విశాఖపట్నంలో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మకాలు. ఎక్కడ పాత కంప్యూటర్లంటే అక్కడికి దుప్పట్లో మోనిటర్, కీబోర్డు చుట్టుకుని బయల్దేరేవాణ్ణి. వైర్లు తగిలించడం, ఫైళ్లు వెతకడం పాపే నేర్పింది. పాత మోడళ్లు సరదాగా పోగుచేసేవాళ్లు కూడా అక్కడికి వచ్చేవాళ్లు. "ఏ మోడల్ కోసమండీ?" అని అడిగేవాళ్లు. "మా ఆవిడది" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. పిచ్చోడనుకున్నా తప్పులేదు.

నా దగ్గర గుర్తు ఒక్కటే. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన అయ్యాక చర్చిలో ఒక్కొక్కరూ బైబిలు వాక్యం ఉన్న ఒక వాగ్దాన కార్డు తీస్తారు. ఆ ఏడాదంతా ఆ వాక్యం మనదన్నమాట. కరుణ తన ఆఖరి కార్డుని ఆ పెట్టె పక్కరేకు మీద ఫెవికాల్‌తో అంటించింది.

ఒకరోజు నూకరాజు మార్కెట్‌కే వచ్చాడు.

"బావా, సబ్బవరంలో కంప్యూటర్ ఇనిస్టూట్ మూసీసేరు. పెట్టెలన్నీ నానే కొన్నాను. తెల్లారితే లారీ వచ్చేత్తది, విశాపట్నం పోయి ముక్కలైపోతాయి. సూసుకుంటే ఈ రాత్రే సూసుకో."

తొమ్మిది దాటాక వెళ్లాను. ఊరి బయట రేకుల షెడ్డు. ఒక్క బల్బు. గోడవార ముప్పై దాకా పెట్టెలు.

"ఇయ్యాల కూడా టీవీ ఎత్తుకొచ్చేవా?" అని నవ్వాడు. "గేటుకి బయట తాళం ఏసి ఎల్తాను బావా. దొంగలు ఎక్కువైపోనారు. అన్నం తినేసి వచ్చేత్తాను."

తాళం పడిన చప్పుడు వినిపించింది. అతని మోపెడ్ దూరమైపోయింది. తర్వాత... ఏమీ లేదు. కుక్క కూడా అరవలేదు.

ఒక్కో పెట్టె తిప్పి చూస్తున్నాను. దుమ్ము... సాలెగూళ్లు... పదోదీ కాదు. ఇరవయ్యోదీ కాదు. ఇక ఉండదులే అనిపించింది. అడుగున ఉన్నదాన్ని లాగి పక్కకి తిప్పాను.

కార్డు లేదు. కానీ కార్డంత మేర జిగురు మరక. ఒక మూల చిరిగిన కాగితం ముక్క... దాని మీద నీలం పువ్వు అంచు. ఆ ఏడాది కార్డులకి నీలం పువ్వులే.

వైర్లు తగిలించాను. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని స్విచ్ వేశాను. బీప్ అంది. లోపల గర్ర్... గర్ర్... మోనిటర్ మెల్లగా వెలిగింది. ఫైళ్ల వరస వచ్చింది. పిల్లల ప్రాజెక్టుల పేర్లు. పెళ్లికూతుళ్ల పేర్లు. బాణం మీట నొక్కుతూ కిందకి వెళ్లాను. అట్టడుగున, ఇంగ్లీషు అక్షరాల్లో... జాన్.

నా పేరు.

ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది. నాలుగేళ్లు దీని కోసమే తిరిగాను. వేలు మీట మీద పెట్టాను... నొక్కలేదు. ఎంతసేపో తెలీదు. అలాగే చూస్తూ కూర్చున్నాను.

కరెంటు పోయింది.

చిమ్మచీకటి. మోనిటర్ మధ్యలో చిన్న తెల్లచుక్క నిలబడి, అదీ పోయింది. నా గుండె నాకే వినిపిస్తోంది. అప్పుడు...

టకటకటక.

ఆగింది.

టప్ టప్.

ఒళ్లో ఉన్న కీబోర్డు మీద రెండు అరచేతులూ గట్టిగా ఆనించాను. మీటలు కదలడం లేదు. ఒక్కటీ కదలడం లేదు. శబ్దం మాత్రం వస్తోంది. నా వెనకాల నుంచి... కాదు... పక్క నుంచి. మంచం మీద పడుకున్నప్పుడు ఎంత దూరం నుంచి వినిపించేదో, సరిగ్గా అంత దూరం నుంచి.

టకటక... టప్ టప్... టకటకటక...

మెడ వెనక్కి తిప్పడానికి ధైర్యం చాల్లేదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తురాలేదు. చివరికి పిలిచాను.

"కరుణా... ఏటి రాత్తన్నావే?"

ఆగిపోయింది.

ఏదైనా మాట వస్తుందని చూశాను. రాలేదు. ఒకే ఒక్క మీట, గట్టిగా... టక్.

అది ఎంటర్. ఆ చప్పుడు నాకు తెలుసు.

కరెంటు వచ్చేసరికి ఎంతైందో తెలీదు. మోనిటర్ వెలిగింది. నల్లటి తెర మీద ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. అది నాకు కొత్త కాదు, ఎన్నో పెట్టెల్లో చూశాను. లోపల డిస్కు లేదని దాని అర్థం. మళ్లీ ఆపి వేశాను. అదే. మళ్లీ వేశాను. అదే.

నూకరాజు వచ్చేసరికి నేల మీద కూర్చుని ఏడుస్తున్నానట. నాకు గుర్తులేదు. అతనే స్క్రూలు విప్పి రేకు తీశాడు. డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ. వైరు వేలాడుతోంది. దాని చుట్టూ పాత సాలెగూడు... చెక్కుచెదరలేదు.

"హార్డ్ డిస్కులన్నీ ఆ ఇనిస్టూట్టోల్లే పీకీసేరు బావా. నాకు డొల్లలే అమ్మేరు."

"ఇప్పుడే ఎలిగింది నూకరాజూ. నా పేరు సూసేను. టైపు కొట్టిన సప్పుడు కూడా ఇన్నాను."

అతను నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. "ఎలకలు బావా. ఇక్కడ పిల్లులంతేసి ఎలకలున్నాయి. ఆటి సప్పుడే."

"ఎలకలు నా పేరు రాత్తాయేటి?"

అతను లేచాడు. మోనిటర్‌ని తనే దుప్పట్లో చుట్టి, ఆటో దాకా మోశాడు.

ఆ డిస్కుల కోసం కూడా తిరిగాను. ఇనిస్టిట్యూట్ ఓనరు, వాటిలోవి ఎవరూ చదవకుండా మేకులు కొట్టించి పారేశామన్నాడు. పాస్టరుగారేమో దుఃఖంలో మనసు అలాగే చేస్తుందన్నారు. కావచ్చు. ఎలకలే కావచ్చు. తనే అయ్యుండొచ్చు. ఇప్పటికీ ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంక వెతకడం లేదు. వెతకడానికి ఏం మిగల్లేదు. ఒక్కటి మాత్రం మీకు చెప్పేస్తాను, పాపకి కూడా చెప్పలేదు. వేలు మీట మీద ఉండి కూడా నేను ఎందుకు నొక్కలేదో నాకు తెలుసు. అప్పటికింకా చప్పుడు మొదలవలేదు, కరెంటూ పోలేదు. అయినా భయపడ్డాను... నా గురించి ఏం రాసిందోనని.