ముందుకొచ్చిన విండో

నా ఉద్యోగం పోయినప్పుడు నాతో కలిసి ఏడ్చిన స్నేహితురాలి నుంచి, ఓ పొద్దున ఇంటర్నెట్ కేఫ్‌లో చాటింగ్ తెరవగానే ఒక వాక్యం వచ్చింది: "సరళను తీసెయ్యమని సార్‌కు నేనే చెప్పిన." సరళ నేనే. ఫోన్ చేసి అడిగితే, ఇంకెవరికో రాసింది నాకొచ్చిందని, తప్పు కంప్యూటర్‌దని అంది.

ఆ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో, పక్కన ల్యాప్‌టాప్‌తో కూర్చున్న ఒకావిడను ఉండబట్టలేక అడిగాను, అట్లా అవుతుందా అని. ఆవిడ రెండు చాట్ విండోలు తెరిచింది.

"ఒకరికి టైప్ చేస్తుండంగ ఇంకొకరి విండో ముందుకొస్తే, అక్షరాలు అండ్లకే పోతయమ్మా. జెర చూస్కోవాలె. గని కొట్టేది మాత్రం గివే" అని పది వేళ్లూ ఎత్తి చూపించింది.

స్నేహితురాలు తర్వాత చాలాసార్లు సారీ చెప్పింది, అది పొరపాటున నాకు చేరినందుకు. రాసినందుకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.