కుంటి దరువు

ఏది మెటల్ సంగీతం, ఏది కాదు అనే విషయంలో నాకున్న పట్టుదల పెళ్లి విషయంలో కూడా ఉండలేదు. మణవాళనగర్ నుంచి చెన్నైకి లోకల్ ట్రైన్లో పోతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో ఒక గ్రూపులో జనంతో వాదించేవాణ్ణి. గిటారు పక్కన వీణ వినబడితే కాదనేవాణ్ణి. మధ్యలో ఎవరైనా ఆలాపన అందుకుంటే కాదనేవాణ్ణి. అన్నీ కలిపి ఉడికిస్తే సాంబారవుతుంది గానీ మెటల్ అవదని రాసి, బోలెడన్ని చప్పట్ల బొమ్మలు సంపాదించాను.

అలా వాదించి వాదించి చివరికి తీర్పరినయ్యాను. మా గ్రూపు ఏటా చెన్నైలో ఒక చిన్న హాలు తీసుకుని కొత్త బ్యాండ్లకు వేదిక ఇస్తుంది. వచ్చిన పాటల్ని ముగ్గురం వింటాం. పక్షపాతం ఉండకూడదని బ్యాండ్ల పేర్లు మాకు చెప్పరు. మేము రాసిన అభిప్రాయాన్ని మా పేర్లు తీసేసి వాళ్లకు పంపుతారు. ముగ్గురూ ఒప్పుకుంటేనే పాట ఎంపికైనట్టు.

పోయినేడు వచ్చిన వాటిలో ఒక పాట ఉంది. బరువైన గిటార్లు, కావడి మొక్కులప్పుడు కొట్టే పంబ, వాటి కింద మొదటి నుంచి చివరిదాకా టకటకమనే ఒక చెక్క చప్పుడు. ఆ చప్పుడు సమంగా లేదు. ప్రతి రెండో దెబ్బా కొంచెం ఆలస్యంగా పడేది. మిగతా ఇద్దరూ కొత్తగా ఉంది, తీసుకుందామన్నారు. నేను ఒప్పుకోలేదు. "ఇది మెటల్ కాదు, రాక్ కూడా కాదు, తిరునాళ్ల గోల. పైగా దరువు కుంటుతోంది. కుంటివాణ్ణి ముందు నడిపించి ఊరేగింపు తీస్తారా?" అని తమిళంలో రాశాను. రాసినప్పుడు నా మాటకు నాకే నవ్వొచ్చింది.

రెండు నెలల తర్వాత మా ఊరు పొదటూరుపేటకు వెళ్లాను. మా నాయన ఇప్పటికీ గుంటమగ్గం మీద లుంగీలు నేస్తాడు. నేను వెళ్లేసరికి గుంటలో కాళ్లు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ, ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ నేస్తున్నాడు. జన్మలో లెక్కపెట్టి నేసిన మనిషి కాదు. ముఖమంతా చెమట. కుడి మోకాలు ఎప్పటికంటే ఎక్కువగా వాచి ఉంది.

"ఏంది నాయనా, అంత కష్టపడి తొక్కతా ఉండావు?"

"తిరుత్తణి నుంచి మీ తమ్ముడు వచ్చినాడు ఆడిమాసంలో, కావడి మొక్కులప్పుడు," అన్నాడు. మా పిన్ని కొడుకు. వాడు స్నేహితులతో కలిసి పాటలు కడతాడని నాకు తెలుసు. ఒక్కటీ అడిగి విన్నది లేదు. "మగ్గం సద్దు గావాలని ఫోన్లో పట్టుకోని పోయినాడు. మెడ్రాసులో వద్దనేసినారంట. దరువు కుంటతా ఉండాదని రాసినారంట. వాడు నాకు చెప్పలే, మీ పిన్ని చెప్పింది. పాపం, వాని తప్పేముండాది? కుంటేది నా కాలు గదా. ఈ తూరి సరిగ్గా తొక్కి ఇస్తా."

ఆ పాటలో చెక్క చప్పుడు ఈ మగ్గానిదే. ఆ చప్పుడు వింటూ ఎక్కాలు నేర్చుకున్నాను. జ్వరమొస్తే ఆ మగ్గం పక్కనే చాప మీద పడుకున్నాను. ఎక్కడో ఐరోపాలో ఎవడో దరువును కావాలని తప్పిస్తే ప్రయోగమని మెచ్చుకున్న చెవులివి. మా నాయన కాలును గుర్తుపట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నాకు అది మా పెరటిదని కూడా తెలియలేదు. నేతగాడి కొడుకునని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆయన మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. కుడికాలు దింపినప్పుడల్లా పళ్లు బిగబట్టాడు. చప్పుడు సమంగా పడింది. అది ఎవరి మగ్గమైనా కావచ్చు.

"నీకు ఈ పాటలన్నీ తెలుసు గదా. ఇప్పుడు సరిగ్గా ఉండాదా?"

"ముందుదే బాగుండె నాయనా."

పోగును అటూ ఇటూ మోసే నాడె ఆగిపోయింది. "ముందుది నువ్వు యాడ విన్నావు?"

చెప్పాను. ఊరేగింపు మాటతో సహా, తమిళంలో రాసింది రాసినట్టు చెప్పాను. తల ఎత్తలేకపోయాను. తిడతాడనుకున్నాను. ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

"వానికి తెల్సా?"

"తెలీదు."

"మళ్ల నాకెందుకు చెప్తా ఉండావు? తిరుత్తణి బస్సు ఇంకా పోలేదు, పో."

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపల మగ్గం మళ్లీ మొదలైంది. ఆయన ఇంకా సమంగానే తొక్కుతున్నాడు.